ముప్పై లక్షలు సరే, శిక్ష ఏదీ?

మురుగు కాలువలోనో సెప్టిక్ ట్యాంకులోనో దిగి మనిషి చనిపోతే అతడి కుటుంబానికి 30 లక్షల రూపాయలు చెల్లించాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 20న ఆదేశించింది. 2014 నాటి తీర్పులో ఆ మొత్తం 10 లక్షలు. తొమ్మిదేళ్లలో పరిహారం మూడింతలైంది, సంతోషం. మరి ఆ మనిషిని లోపలికి దింపినవారిలో ఎందరికి శిక్ష పడింది? ఈ ప్రశ్నకు మాత్రం ప్రభుత్వాల నుంచి సూటి జవాబు రాదు.

2019 నుంచి 2023 వరకు ఇలా 377 మంది చనిపోయారని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. సర్కారు ఒప్పుకున్న లెక్క ఇది. అసలు సంఖ్య ఇంకా ఎక్కువని సఫాయి కర్మచారుల సంఘాలు మొదటి నుంచీ అంటున్నాయి. చనిపోతున్నది ఎవరు? మురుగు పనిని యంత్రాలకు మళ్లించడానికి కేంద్రం తెచ్చిన నమస్తే పథకం కింద వివరాలు సేకరించిన సుమారు 38 వేల మంది కార్మికుల్లో దాదాపు 69 శాతం దళితులే. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వారి వాటా 16.6 శాతం. ఇంత తేడా కళ్లెదుట ఉండగా, ఇది వృత్తికి సంబంధించిన వ్యవహారమే తప్ప కులానికి సంబంధించింది కాదని వాదించింది కూడా ఆ కేంద్ర ప్రభుత్వమే. తాత చేసిన పాకీపని తండ్రికి, తండ్రిది కొడుకుకు అంటగట్టి, మరో పని అడిగితే చీపురు చేతికిచ్చే వ్యవస్థకు వృత్తి అని పేరు పెట్టుకుంటే ఎవరి మనసు కుదుటపడుతుందో తెలియదు.

ఆ చావు ఎలా వస్తుందో తెలిసినవాళ్లు దాన్ని ప్రమాదం అనరు. మూతపడిన మురుగులో పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసననే పట్టలేదు. గాలి బాగుందనుకుని దిగిన మనిషి కొద్ది ఊపిరులకే స్పృహ తప్పి పడిపోతాడు. కేక వినబడదు. పైన నిలబడ్డ తమ్ముడో తోటి కార్మికుడో తాడు కూడా లేకుండా వెంట దిగుతాడు. ఒకే గుంతలోంచి ఇద్దరు, ముగ్గురి శవాలు రావడానికి కారణం ఇదే. 2022, 2023లలో జరిగిన 54 మరణాలను కేంద్రం సోషల్ ఆడిట్‌లో పరిశీలింపజేస్తే 49 మంది ఒంటిమీద ఏ రక్షణ పరికరమూ లేదని తేలింది. మిగిలినవారికీ దక్కినవి చేతి తొడుగులు, ఒకరికి అదనంగా గమ్‌బూట్లు. విషవాయువును చేతి తొడుగు ఆపుతుందా?

చట్టంలోనే కంత ఉంది. మలాన్ని చేతులతో ఎత్తే పాకీపనిని నిషేధిస్తూ వచ్చిన 2013 నాటి చట్టం మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల్లో ప్రమాదకరమైన శుభ్రతా పనిని నిషేధించింది, మొదటి నేరానికి రెండేళ్ల వరకు జైలు అంది. అయితే ప్రమాదకరం అంటే ఏమిటో చెప్పే చోట, రక్షణ పరికరాలు ఇవ్వకుండా, జాగ్రత్తలు పాటించకుండా చేయిస్తేనే అని షరతు పెట్టింది. అంటే ముసుగు, బూట్లు తొడిగి దింపితే తప్పు కాదు. ఇంకో చమత్కారం కూడా ఉంది: మలాన్ని చేతులతో ఎత్తే పని వేరు, మురుగులో దిగడం వేరు అని లెక్కలు విడదీశారు. అందువల్ల పాకీపని వల్ల ఒక్కరూ చనిపోలేదని 2021లో కేంద్రమంత్రి పార్లమెంటులో చెప్పగలిగారు. అంతకు రెండేళ్ల ముందు కుంభమేళాలో ప్రధాని స్వయంగా పారిశుద్ధ్య కార్మికుల కాళ్లు కడిగిన ప్రభుత్వమే ఇది.

ఈ కథలో తెలుగువారి వాటా చిన్నది కాదు. ఈ పనికి వ్యతిరేకంగా దశాబ్దాలుగా పోరాడుతున్న బెజవాడ విల్సన్ కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల ఊళ్లో తెలుగు కుటుంబంలో పుట్టారు. అక్కడి పాయిఖానాలు ఎత్తినవాళ్లలో ఆయన ఇంటివాళ్లూ ఉన్నారు. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగే. విల్సన్ నాయకత్వంలోని సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టు తలుపు తడితే, 10 లక్షల పరిహారం చెప్పిన ఆ 2014 తీర్పు రావడానికి 11 ఏళ్లు పట్టింది.

యంత్రాలు లేవనే సాకు చెల్లదు. ఇరుకు సందుల్లోకి వెళ్లి, నీటిని బలంగా చిమ్మి మురుగును కదిలించే చిన్న జెట్టింగ్ యంత్రాలను హైదరాబాద్ జలమండలి 2017లోనే 70 వరకు రంగంలోకి దించింది. వాటిని చూసి ఢిల్లీ 2019లో 200 తెచ్చుకుంది. అయినా ఆ హైదరాబాద్‌లోనే, సాహెబ్‌నగర్‌లో, 2021 ఆగస్టులో మ్యాన్‌హోల్‌లో దిగిన ఇద్దరు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. యంత్రాన్ని పిలిపించాలంటే దరఖాస్తు, రుసుము, నిరీక్షణ. మనిషైతే ఫోను చేసిన గంటలో వస్తాడు, బేరానికీ దిగుతాడు. కాంట్రాక్టరు కింద ఉపకాంట్రాక్టరు, అతడి కింద మేస్త్రీ. మనిషి పోయాక ఎవరూ ఆ పని చెప్పలేదంటారు. అపార్ట్‌మెంట్ సంఘాలకూ ఇందులో భాగం ఉంది. సెప్టిక్ ట్యాంకు అడుగున గడ్డకట్టిన మడ్డిని గీకడానికి మనిషిని దింపిన ఇంటి యజమానికీ ఆ చట్టం వర్తిస్తుందని, ఆయన చదువుకున్నవాడైనా, ఎందుకో గుర్తుండదు.

2025 జనవరిలో సుప్రీంకోర్టు హైదరాబాద్ సహా ఆరు మహానగరాల్లో మనుషులతో ఈ పని చేయించడాన్ని నిషేధించింది. మంచిదే. కానీ చేతిలో ఉన్న చట్టాన్ని వాడకుండా కొత్త ఆదేశాలను ఎన్నని పేర్చుకుంటాం? షెడ్యూల్డ్ కులాలు, తెగలవారితో పాకీపని చేయించడాన్ని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 2015 సవరణతోనే నేరంగా చేర్చింది. పోలీసులు మాత్రం నిర్లక్ష్యం వల్ల మరణం అనే సెక్షన్ దగ్గరే ఆగిపోతుంటారు. కుటుంబాన్ని కూర్చోబెట్టి కొంత సొమ్ము ముట్టజెప్పి రాజీ కుదిర్చితే కేసు అక్కడితో సరి. భర్త శవం ఇంకా ఆసుపత్రిలో ఉండగా కాగితం మీద వేలిముద్ర వేసే భార్యను రాజీ పడిందనడం న్యాయం కాదు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు చేయాల్సింది కష్టమైన పనేమీ కాదు. ఇలాంటి ప్రతి మరణంలో అత్యాచారాల నిరోధక చట్టం కింద, 2013 చట్టం కింద కేసు పెట్టారో లేదో, పని అప్పగించిన అధికారి లేదా యజమాని నిందితుల జాబితాలో ఉన్నారో లేదో, 30 లక్షలు ఏ తేదీన ఎవరి ఖాతాలో పడ్డాయో జిల్లాలవారీగా ప్రకటించాలి. శాసనసభ తదుపరి సమావేశాల్లో ఆ జాబితాను సభ ముందుంచాలి. పరికరాలు తొడిగితే దింపవచ్చనే వెసులుబాటును తీసేయమని కేంద్రానికి లేఖ రాయాలి. యంత్రాల యాజమాన్యాన్ని ఇన్నాళ్లూ గుంతల్లో దిగిన కుటుంబాలకే, బ్యాంకు అప్పుల తిరకాసు లేకుండా అప్పగించాలి.