చెవిలో క్లిప్పు

చెవిలో పువ్వు పెట్టే కాలం పోయి క్లిప్పు పెట్టే కాలం వచ్చిందని తిరుపతిలో, విశ్వవిద్యాలయ మైదానానికి ఉదయపు నడకకు వచ్చే వారందరికీ తెలుసు. మా బృందంలోని ఒక పెద్దమనిషి నెల రోజులుగా ఎడమ చెవికి సన్నగా కరెంటు పంపే క్లిప్పు ఒకటి, దాని తీగతో సహా తగిలించుకుని నడుస్తున్నారు. గుండె ఆగినా తన మెదడు చెక్కుచెదరదన్నది ఆయన ధీమా. 9,000 రూపాయలు పోసి కొన్న ధీమా కనుక అది సడలడానికి వీల్లేదు.

శాస్త్రాన్ని నేను వెక్కిరించడం లేదు. మెదడు నుంచి బయలుదేరి గుండెను, పేగులను పలకరించి వచ్చే పదో కపాల నాడి పేరు వేగస్. పేరులో వేగం వినిపించినా అది చేసేది గుండెను నెమ్మదింపజేయడమే. దాని కొమ్మ ఒకటి చెవి దొప్పకు వస్తుంది, క్లిప్పు మీటాలని చూసేది దానినే. మూర్ఛ రోగులలో ఈ నాడిని విద్యుత్తుతో ప్రేరేపించే పరికరానికి అమెరికాలో 1997లోనే అనుమతి లభించింది. ఆగిన గుండె తిరిగి కొట్టుకున్నాక మెదడులో చెలరేగే వాపు ప్రక్రియను ఇదే ఉపాయంతో అణచవచ్చునేమోనని ఎలుకలపై ప్రయోగాలు చేశారు. 'తిరిగి కొట్టుకున్నాక' అన్న మాట మా పెద్దమనిషి చదవలేదు, ఎందుకంటే అమ్మినవాడు దానిని డబ్బా మీద అచ్చు వేయలేదు.

మొన్న ఆదివారం గేటు పక్కన టీ బంకు ముందు ఒకాయన కుప్పకూలారు. మా పెద్దమనిషి క్షణం ఆలస్యం చేయక తన క్లిప్పు తీసి ఆయనకు తగిలించబోయారు. ఎడమ చెవికా, కుడి చెవికా అన్నది తేలలేదు. ఈలోగా ఇంకొకరు తాళాల గుత్తి తెచ్చి పడిపోయినాయన చేతిలో కుక్కారు. "అది మూర్ఛకు గదా సామీ?" అని అడిగితే, "ఏదైతేనేం, తాళంచెవి కూడా చెవే గదా!" అన్నారు. ఒకరు నీళ్లు చల్లారు, ఒకరు గోవింద నామం అందుకున్నారు, నలుగురు ఫోన్లు పైకెత్తి వీడియో తీశారు. 108కి ఎవరో చేసి ఉంటారని అందరూ అనుకున్నారు కనుక ఎవరూ చేయలేదు.

రక్తం అందని మెదడు నాలుగైదు నిమిషాలలోనే దెబ్బతినడం మొదలవుతుందయ్యా! ఛాతీ నడుమ రెండు అరచేతులు మోపి, అయిదు సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడానికి బ్యాటరీ కావాలా? 1960 నుంచి లోకానికి తెలిసిన పని ఇది. ఏ చెవి అని వాదించుకుంటూ ఒక మనిషి మెదడును కళ్లముందే మాడ్చిన మీకు సిగ్గు లేదా? నేనూ అక్కడే ఉన్నాను. నాకు మాత్రం ఉందా?

చివరికి బస్సు కోసం నిలుచున్న ఒక నర్సింగ్ విద్యార్థిని మమ్మల్ని మోచేతులతో నెట్టుకుని వచ్చి, మోకాళ్లపై కూర్చుని నొక్కడం మొదలుపెట్టింది. జడ ముందుకు పడుతున్నా, చెమట ఆయన చొక్కాపై రాలుతున్నా 108 వచ్చేదాకా ఆపలేదు.

మర్నాడు ఆయన కళ్లు తెరిచారని కబురు వచ్చింది. "చూశారా, క్లిప్పు!" అన్నారు పెద్దమనిషి. ఆ అమ్మాయి పేరు ఎవరికీ తెలియదు. మరో ముగ్గురు మాత్రం అక్కడికక్కడే డబ్బు కట్టారు. నాలుగు కొంటే తగ్గింపు ఉందట, నాలుగోవాడి కోసం నా వైపు చూస్తున్నారు.