కోరిక ఒకరిదే, దారి అందరిదీ

వరంగల్ స్టేషన్‌లో రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖపట్నంలో దిగవచ్చు. అయినా నర్సంపేట, పరకాల, భూపాలపల్లి చుట్టుపక్కల పల్లెల్లో అరవై దాటినా సముద్రం చూడని స్త్రీలు ఎందరో ఉన్నారు. చూడాలని లేక కాదు. అడిగితే కాస్త సిగ్గుపడుతూ చెబుతారు, ఆ వెంటనే పత్తి కూలి గురించో మనవడి ఫీజు గురించో మాట మారుస్తారు. వాళ్ల దగ్గర కాగితం మీద రాసుకున్న కోరికల జాబితా లేదు కానీ మనసులో ఉంది. అది చాలా కాలంగా ఉంది.

జీవితంలో చేసి తీరాల్సిన పనులు రాసుకుని ఒక్కొక్కటే కొట్టివేసుకుంటూ పోవడం పట్టణ మధ్యతరగతికి ఇప్పుడు బాగా అలవాటైంది. హనుమకొండలో ఏ ముప్పై ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని అడిగినా లద్దాఖ్ బైకు ప్రయాణం, మారథాన్, విదేశీ యాత్ర అంటూ గుక్క తిప్పుకోకుండా చెబుతారు. మంచిదే. రాసుకోవాలి, అందరూ రాసుకోవాలి, కూలి పనికి వెళ్లే మనిషి కూడా రాసుకోవాలి. నా అభ్యంతరం ఈ జాబితాల వెంట వచ్చే ఉపదేశం మీద. కోరిక తీరితే అది నీ పట్టుదల, తీరకపోతే నీ బద్ధకం అని చెప్పే ఉపదేశం అది. ఉత్తర తెలంగాణ అనుభవం దానికి నేరుగా ఎదురు సాక్ష్యం చెబుతోంది. ఇక్కడ సామాన్యుల పెద్ద కోరికలు తీరినప్పుడల్లా వాటి వెనుక ప్రజల డబ్బుతో నడిచే ఏదో ఒక ఏర్పాటు ఉంది.

ఈ జాబితాల చర్చ వచ్చిన ప్రతిచోటా అమెరికన్ సాహసికుడు జాన్ గాడర్డ్ పేరు వినిపిస్తుంది. 1940లో, పదిహేనేళ్ల వయసులో ఆయన 127 లక్ష్యాలు రాసుకున్నారు. నైలు నదిని మొదటి నుంచి చివరి దాకా పడవలో దాటడం, నిమిషానికి 50 పదాలు టైపు చేయడం, ఎవరెస్టు ఎక్కడం, చంద్రుడి మీదికి వెళ్లడం, ఇరవై ఒకటో శతాబ్దాన్ని చూడటం అన్నీ అందులో ఉన్నాయి. వందకు పైగా సాధించి 2013లో కన్నుమూశారు. ఒంటరి పట్టుదలకు నిలువెత్తు రూపంగా ఆయనను చూపిస్తారు. కానీ నైలు మీద ఆయన ఒంటరిగా లేరు, ఇద్దరు సహచరులు వెంట పడవలు నడిపారు. ఎవరెస్టు ఆయన జాబితాలోనే మిగిలిపోయింది.

అదే ఎవరెస్టును నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఆ ఇంట్లో ఎవరైనా ఎవరెస్టు అని కాగితం మీద రాసుకుని ఉంటారా? ఆమె చదివింది సాంఘిక సంక్షేమ గురుకులంలో. ఆ గురుకులం ఆమెను భువనగిరి గుట్ట మీద శిక్షణకు పంపింది, అక్కడి నుంచి డార్జిలింగ్‌కు, లద్దాఖ్‌కు పంపింది, చివరికి టిబెట్ వైపు నుంచి శిఖరానికి పంపింది. ప్రపంచంలో ఏ సంపన్న కుటుంబమైనా తన పిల్లకు చేయగలిగిన ఖర్చును ఒక ప్రభుత్వ బడి కూలీల పిల్లకు చేసింది. ఆ తరువాత ఆమె 2022 నాటికి ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ పూర్తి చేసింది. ధైర్యం ఆమెదే, ఊపిరి ఆమెదే, అందులో ఎవరికీ వాటా లేదు. కానీ శిఖరం అనే ఆలోచన ఆమె దాకా చేరడానికి దారి వేసింది ప్రజాధనం.

వరంగల్ జిల్లా కల్లెడ నుంచి దీప్తి జీవాంజి ఎదిగిన తీరు కూడా అలాంటిదే. మేధోపరమైన వైకల్యం ఉందని ఊళ్లో ఎగతాళి పడ్డ అమ్మాయి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. కోచ్ నాగపురి రమేష్ చేయి అందించకపోతే, శిక్షణకు, వసతికి ఏర్పాట్లు లేకపోతే ఆ కాళ్లలోని వేగం కల్లెడ పొలిమేర దాటేది కాదు. ఎంతమంది దీప్తులు పొలిమేర దాటకుండా ఆగిపోయారో లెక్క ఎవరి దగ్గరా లేదు.

పతకాలు, శిఖరాలు కొందరికే. నన్ను ఇంతకంటే ఎక్కువగా కదిలించిన మార్పు మరొకటి ఉంది. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. తెలంగాణ స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం. ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంటే రాష్ట్ర సరిహద్దు దాకా వెళ్లవచ్చు. దీన్ని అందరూ సంక్షేమ పథకంగా, ఖజానా మీద భారంగా, ఎన్నికల హామీగా చర్చించారు. నా దృష్టిలో ఇది మన ప్రాంతంలో ఒకేసారి లక్షలాది మంది కోరికల జాబితా తెరుచుకున్న సందర్భం.

పథకానికి ముందు బీడీలు చుట్టే స్త్రీ బాసర వెళ్లాలంటే ఏం జరిగేదో ఆలోచించండి. ముందు చార్జీ డబ్బులు కావాలి. అవి ఇంట్లో అడగాలి. అడిగితే ఎందుకు, ఎవరితో, ఎప్పుడు వస్తావు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఇన్ని మెట్లు ఎక్కలేక చాలామంది అడగడమే మానుకున్నారు. ఇప్పుడు ఆ డబ్బు మెట్టు పోయింది. వేములవాడ, ధర్మపురి, కాళేశ్వరం, కొండగట్టు వెళ్లే బస్సుల్లో స్త్రీలు గుంపులుగా కనిపిస్తున్నారు. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు టికెట్ డబ్బుల బెంగ లేకుండా వెళ్లారు. కొందరు రామప్ప కూడా చూసి వచ్చారు. 1213 నాటి శాసనం ఉన్న ఆ గుడికి 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. హనుమకొండకు డెబ్బై కిలోమీటర్ల లోపే ఉంది. ఎక్కడెక్కడి పర్యాటకులో వచ్చి ఆ మదనికల శిల్పాల ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటుంటే, ములుగు పక్క ఊళ్లోనే పుట్టి పెరిగిన స్త్రీకి అక్కడికి వెళ్లే తీరిక, చార్జీ ఇన్నాళ్లూ దొరకలేదు.

ఈ ప్రయాణాలను చూసి "పని లేక తిరుగుతున్నారు" అనే మాట చాలా చోట్ల వినిపిస్తోంది. ఆ మాట వింటే నాకు మండుతుంది. నలుగురు మగవాళ్లు కలిసి గోవా వెళ్తే అది స్నేహం, విశ్రాంతి, జీవితానుభవం. నలభై ఏళ్లు నాట్లు వేసి, కలుపు తీసి, పిల్లలను పెంచిన స్త్రీ చెల్లెలితో కలిసి కాళేశ్వరంలో ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు చూసి వస్తే అది పనిలేని తిరుగుడు ఎలా అవుతుంది? పనికే వెళ్లాలి, ఆసుపత్రికే వెళ్లాలి, లేకుంటే ఇంట్లోనే ఉండాలి అన్న నియమం ఎవరు పెట్టారు? చూడాలనిపించింది కాబట్టి చూసి రావడం అనే హక్కు ఆ స్త్రీకి మొదటిసారి దక్కింది. ఆ ఒక్క కారణం చాలు ఈ పథకాన్ని సమర్థించడానికి.

ఆటో డ్రైవర్ల ఆదాయం పడిపోయిందన్న ఫిర్యాదు నిజం. వాళ్లకు ప్రత్యామ్నాయం చూపడం ప్రభుత్వ బాధ్యత. బస్సుల సంఖ్య సరిపడా పెరగక రద్దీ భరించలేనంతగా ఉందన్నదీ నిజం. కొందరు ఇంకో వాదన చేస్తారు. సొంత కోరికలు సొంత డబ్బుతో తీర్చుకోవాలి, సమాజం ఎందుకు మోయాలి అని. సమాజం ఇప్పటికే మోస్తోంది, కాకపోతే కొందరి కోరికలనే. నిజాం కాలం నాటి మామునూరు విమానాశ్రయం పునరుద్ధరణకు 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. వరంగల్‌కు విమానం రావాలని నేనూ కోరుకుంటాను. అయితే దానికయ్యే ఖర్చును ఎవరూ కొందరి సొంత కోరిక అనలేదు, అభివృద్ధి అన్నారు. పల్లెవెలుగు బస్సుకూ అదే గౌరవం ఇవ్వమంటున్నాను.

డబ్బు తరువాతి అడ్డంకి సమయం. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే ఇస్తున్నారు. ఇంటి పని చేసే పురుషులు ఇచ్చేది 97 నిమిషాలు. అంటే దాదాపు ఐదు గంటలు, కూలి లేని పనిలో, ప్రతి రోజూ. ఈత నేర్చుకోవడానికైనా చదువు పూర్తి చేయడానికైనా సమయం ఆ ఐదు గంటల్లో నుంచే రావాలి. "బాధ్యతలు తీరాక చూద్దాం" అని ఇళ్లలో అంటారు. ఆ మాటను ఇకనైనా మానుకోవాలి. కూతురి పెళ్లి, కొడుకు ఉద్యోగం, మనవల పెంపకం అయ్యేసరికి మోకాళ్లు అరిగిపోతాయి. మేడారంలో జంపన్నవాగు నుంచి అమ్మవార్ల గద్దెల దాకా నడవడమే కష్టమైపోతుంది. మగవాళ్ల పరిస్థితీ అన్ని ఇళ్లలో మెరుగ్గా లేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్ల జాబితా చూడండి. అప్పు తీర్చాలి, చెల్లెలి పెళ్లి చేయాలి, ఇల్లు కట్టాలి. అందులో వాళ్లకంటూ ఒక్క పంక్తి ఉండదు. యాభై ఏళ్లకు తిరిగి వచ్చాక, కట్టుకున్న ఇంట్లో ఏం చేయాలో తోచక అరుగు మీద కూర్చునేవాళ్లు ఆ జిల్లాల్లో చాలామంది.

పి.వి. నరసింహారావు అరవై దాటాక కంప్యూటర్ నేర్చుకుని ప్రోగ్రాములు రాశారని ఆయన ఊరు వంగర పేరు చెప్పుకుని గర్వపడతాం. గర్వపడాల్సిందే. కానీ ఆయన గదిలోకి కంప్యూటర్ వచ్చింది, నేర్పే మనిషి వచ్చాడు. కోరుట్లలో బీడీలు చుట్టే స్త్రీ అరవై ఏళ్లకు ఏదైనా నేర్చుకోవాలనుకుంటే ఎక్కడికి వెళ్లాలి? అక్షరం దగ్గరే ఆగిపోయినవాళ్లు ఎంతో మంది. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ స్త్రీల అక్షరాస్యత 58 శాతానికి కాస్త తక్కువగానే తేలింది. ఆగిన చదువు పూర్తి చేయాలనుకునే వారికి సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి రాసే అవకాశం ఉంది, పై వయసు పరిమితి లేదు. అయినా పుస్తకం పట్టుకుని ప్రశాంతంగా కూర్చునే చోటు ఏది?

ఇక్కడే గ్రంథాలయాల గురించి చెప్పకుండా ఉండలేను. నిజాం పాలనలో తెలుగు చదువే కష్టమైన రోజుల్లో, 1904లో హనుమకొండలో శ్రీ రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. పుస్తకాలు చదవాలన్న కోరిక ఉన్నవాళ్లు ఎవరి ఇంట్లో వాళ్లు కొనుక్కుని ఊరుకోలేదు. కలిసి పుస్తకాలు పోగేశారు, అందరి కోసం తలుపు తెరిచారు. తెలంగాణలో చదువు, ఆత్మగౌరవం, రాజకీయ చైతన్యం అలాంటి గదుల్లో నుంచే నడిచి వచ్చాయి. ఆ వారసత్వం ఉన్న నగరంలో ఈ రోజు గ్రంథాలయానికి వెళితే కుర్చీలన్నీ పోటీ పరీక్షల అభ్యర్థులతో నిండి ఉంటాయి. వాళ్ల తప్పు లేదు, వాళ్లకూ ఇంకో చోటు లేదు. కానీ ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కట్టే గృహిణికి ఒక నవల చదువుకోవడానికి అక్కడ కుర్చీ దొరకదు. పిల్లలకు కథల గది ఉండదు. ఉద్యోగార్థులకు వేరుగా చదువు గదులు కట్టాలి, గ్రంథాలయాన్ని మళ్లీ అందరికీ ఇవ్వాలి.

ఈత సంగతీ అంతే. నర్సంపేట దగ్గరి పాకాల, ఇంకా రామప్ప, లక్నవరం, ఘనపురం చెరువులు కాకతీయులు మనకిచ్చిన ఆస్తి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద 46 వేలకు పైగా చెరువులను బాగు చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఇంత నీరున్న నేల మీద అమ్మాయిల్లో ఈత వచ్చినవాళ్లు అరుదు. ప్రతి వేసవిలో చెరువుల్లో మునిగి పిల్లలు చనిపోయిన వార్తలు చదువుతాం. ఈత నేర్చుకోవాలన్న కోరిక మధ్యతరగతి జాబితాలో సరదాగా ఉండవచ్చు, మన పల్లెల్లో అది ప్రాణం నిలిపే విద్య. దానికి ప్రతి మండలంలో ఒక ఈత కొలను, ఒక మహిళా శిక్షకురాలు, స్త్రీలకు కేటాయించిన రెండు గంటలు కావాలి.

కాబట్టి ఈ ఏడాది జాబితా రాసుకునేవారిని నేను అడిగేది ఇది. ప్రతి కోరిక పక్కన, అది మన ఇంట్లో మరొకరికి కూడా ఉందేమో కనుక్కుని ఆ పేరు రాయండి. దానికి ఊరి నుంచి ఏం కావాలో రాయండి. బస్సా, మైదానమా, గ్రంథాలయమా, ఆదివారం పూట వంట నుంచి సెలవా. వంట సెలవు ఇంట్లోనే తేల్చుకోవాలి, ఈ వారమే తేల్చుకోవచ్చు. మిగిలినవి గ్రామసభలో, వార్డు సమావేశంలో, మహిళా సంఘం తీర్మానంలో పెట్టండి. సీసీ రోడ్డు, డ్రైనేజీ అడిగినంత గట్టిగా అడగండి. విశాఖ రైలు టికెట్ల సంగతి కూడా అక్కడే మాట్లాడవచ్చు. జీరో టికెట్ రాష్ట్ర సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది కనుక, సముద్రం చూడని స్త్రీలను ఏడాదికి ఒకసారి తీసుకువెళ్లే ఖర్చులో పంచాయతీ ఎంత పెడుతుందో, సంఘం ఎంత పెడుతుందో, దుబాయ్‌లో ఉన్న కొడుకులు ఎంత పంపుతారో ఊరంతా కూర్చుని తేల్చుకోవాలి.