ఆనందిస్తున్నట్టు స్పష్టంగా కనిపించవలెను

గత శనివారం మా పెద్దవాడి బడి నుంచి ఒక కాగితం వచ్చింది. ఫీజు బకాయి సంగతేమో అనుకుని గుండె దిటవు చేసుకుని విప్పాను. అది కాదు. ప్రతి కుటుంబమూ రోజుకు అరగంట పిల్లలతో కలిసి బల్ల మీద ఆడే తేలికపాటి ఆట ఏదైనా ఆడవలెనట. ఆ అరగంటా సెల్‌ఫోనును దూరంగా పెట్టవలెనట. ఆడుతుండగా అదే సెల్‌ఫోనుతో ఫొటో తీసి రాత్రి 9 గంటలలోగా వాట్సాప్ గ్రూపులో పెట్టవలెనట. మార్కులు 5. అట్టడుగున లావుపాటి అక్షరాల్లో ఒక హెచ్చరిక: 'పిల్లలు ఆనందిస్తున్నట్టు ఫొటోలో స్పష్టంగా కనిపించవలెను.'

ఆటను ఎంపిక చేసే బాధ్యత మాత్రం తల్లిదండ్రులకే వదిలేశారు. ఎంపికలు విజయనగరం వాళ్ళకు కొత్తవా? 1936లో భారత క్రికెట్ జట్టుకు నాయకుడై ఇంగ్లండు వెళ్ళింది మా రాజకుమారుడు విజ్జీయే. మొదటి టెస్టు మొదలుకాకముందే లాలా అమర్‌నాథ్ అంతటి ఆటగాణ్ణి ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. మూడు టెస్టుల్లో తాను కలిపి కొట్టినవి 33 పరుగులు. సిరీస్ 2-0తో ఇంగ్లండుది. ఇంతటి వారసత్వం ఉన్నవాళ్ళం, ఒక పెట్టె ఆట ఎంచుకోలేమా?

కోట జంక్షను దగ్గర ఒక దుకాణానికి వెళ్ళాను. ఆడేది ఎవరని దుకాణదారు అడగలేదు. పిల్లవాడిలో ఏది పెరగాలని అడిగాడు. జ్ఞాపకశక్తికి నీలం పెట్టె, ఏకాగ్రతకు పచ్చ పెట్టె, నాయకత్వ లక్షణాలకు ఎర్ర పెట్టె. తిన్నాక వాడాలా, పరగడుపునా అని అడగబోయి ఆగాను. ఎర్ర పెట్టె మీద '3 నుంచి 99 ఏళ్ళ వరకు' అని ఉంది. మా అమ్మకు 78. ఇంకా 21 ఏళ్ళు నాయకత్వం నేర్చుకోవచ్చు. ఇంతకీ అందులో చేయవలసింది పంట పండించడం, గొర్రెలను అమ్ముకోవడం, ఇటుకలు కొని ఇల్లు కట్టడం. గజపతినగరం దగ్గర మా తాత బతుకంతా చేసింది ఇదే. ఆయనలో నాయకత్వ లక్షణాలు ఉన్నాయని ఎవరూ అనలేదు, అప్పులున్నాయని మాత్రం అన్నారు.

'పోనీ లూడో తీసుకోండి, విదేశీ ఆట' అన్నాడు. మన పచ్చీసును పట్టుకుపోయి, గవ్వలు తీసేసి పాచిక పెట్టి, 1896లో ఇంగ్లండులో పేటెంటు పుచ్చుకున్న ఆట అది. వైకుంఠపాళికీ అదే గతి పట్టింది. నిచ్చెనలెక్కి పరమపదం చేరవలసిన జీవుడు సీమకు వెళ్ళొచ్చేసరికి నూరో గడిలో ఆగిపోయాడు. మోక్షం అక్కడే ఉంచుకుని పాములను మాత్రం తిప్పి పంపారు. ఈ మాటే అంటే దుకాణదారు నన్ను జాలిగా చూశాడు. ఏమీ కొనకుండా దుకాణంలోంచి బయటికి రావడానికి నాయకత్వ లక్షణాలు కావాలి. నాకు లేవు. 1,450 రూపాయలు పోసి ఎర్ర పెట్టె కొన్నాను.

సోమవారం రాత్రి హోంవర్కు ముగిసి మావాడు బల్ల దగ్గరికి వచ్చేసరికి 8:25. మా బావమరిది నియమాల పుస్తకం అందుకున్నాడు. 28 పేజీలు. 8:45కు ఆరో పేజీలో ఉన్నాడు, మొదటి గొర్రె ఎవరిదో ఇంకా తేలలేదు. చింతపండులో పిక్కలు తీస్తున్న మా అమ్మ ఇక చూడలేక సుద్దముక్క తీసుకుని బల్ల మీద పులి-మేక గడి గీసేసింది. తమలపాకుల పెట్టెలోంచి మూడు వక్కలు తీసింది, అవి పులులు. పక్కనే పళ్ళెం నిండా చింతపిక్కలు, అవి మేకలు. పులి మేక మీదుగా దూకితే మేక చచ్చినట్టు. పులి కదలడానికి దారి లేకుండా మేకలు కమ్ముకుంటే పులి కట్టుబడ్డట్టు. నియమాల పుస్తకం ముగిసింది.

కానీ టైము 8:50. ఆడుతూ కూర్చుంటే ఫొటో ఎప్పుడు తీస్తారు? మా ఆవిడ రంగంలోకి దిగింది. దండెం మీది తువ్వాళ్ళు తీయించింది, చిన్నదానికి గౌను మార్చింది, ఎర్ర పెట్టెను ధర కనిపించకుండా వెనక నిలబెట్టింది. ఆట సగంలో ఉన్నట్టు కనిపించాలని పిక్కలను, వక్కలను గడి మీద అందంగా సర్దింది. బావమరిది ఫోను ఎత్తి 'పులిని చూసి నవ్వండి' అన్నాడు. పులిని చూసి నవ్విన కుటుంబం ఏదీ చరిత్రలో లేదు. అయినా నవ్వాం.

మా అమ్మ నవ్వలేదు. గడి వైపు వంగి పిక్కలు లెక్కపెడుతోంది.

'మేకలు పదిహేను ఉండాలి. పన్నెండే ఉన్నాయి. మూడింటిని ఎవరు తిన్నారు?'

'ఎవరూ తినలేదమ్మా, ఫొటో కోసం పెట్టాం.'

'తినకపోతే మేకలు ఎక్కడికి పోతాయి? ఏ పులి ఎక్కడి నుంచి దూకిందో చెప్పండి.'

చెప్పలేకపోయాం. పైగా ఒక పులి గీతలు కలిసే చోట కాకుండా నట్టనడుమ ఖాళీలో కూర్చుని ఉంది. 'ఇది పులి కాదు, వక్క' అని ఆమె దాన్ని తీసి నోట్లో వేసుకుంది. టైము 8:56. గ్రూపులో అప్పటికే ఫొటోలు కురుస్తున్నాయి. ఒకరింట్లో చదరంగం బల్ల మీద నల్ల రాజు, తెల్ల రాజు పక్కపక్క గడుల్లో వియ్యంకుల్లా కూర్చున్నారు. ఇంకొకరింట్లో క్యారమ్ బల్ల చుట్టూ నలుగురు పగలబడి నవ్వుతున్నారు, బల్ల మీద ఒక్క కాయ లేదు.

ఆఖరికి మా అమ్మను వదిలేసి, 'ఒక్కసారి నవ్వరా' అన్నాను మావాడితో. వాడు నవ్వాడు. చక్కగా, పళ్ళు కనిపించేలా, కెమెరా వైపు కొంచెం తల వంచి. బడి వాళ్ళ ప్రకటన ఫొటోల కోసం వాళ్ళకు ఈ నవ్వు నేర్పించారట. మెరుపు ఆరగానే నవ్వూ ఆరింది. 'నాన్నా, ఇక పడుకోవచ్చా?' అన్నాడు.

ఇంతవరకు వేళాకోళంగా రాసుకొచ్చాను. ఇక్కడ చేతకావడం లేదు. వాడు చదివేది ఆరో తరగతి. ఉదయం 6:50కు బస్సు ఎక్కితే రాత్రి 7కు దిగుతాడు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1000 గంటల బోధన ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతుంది. భాగించి చూడండి, రోజుకు నాలుగున్నర గంటలు. అది కనీసమే, కాదనను. దాని మీద ఇంకో రెండు గంటలు వేసుకోండి, మూడు వేసుకోండి. పన్నెండు ఎలా అయ్యాయి? ఎప్పుడో ఆరేళ్ళ తరవాత రాయబోయే ప్రవేశ పరీక్షకు పదకొండేళ్ళ వాడికి ఇప్పటి నుంచీ ఫౌండేషనట. పునాదికి గుంట తవ్వాలి కదా, వాడి సాయంత్రాల్లో తవ్వారు. ఆటల పీరియడ్లో లెక్కల పరీక్ష. ఆట స్థలంలో బస్సులు. పొద్దంతా మీరే పట్టుకుపోయి, మిగిలిన అరగంటలో పిల్లవాడితో ఎలా ఉండాలో మాకు కాగితం పంపుతారా? అందుకు సాక్ష్యం కూడా కావాలా? మడి మొత్తం దున్నుకున్నవాడు వచ్చి, గట్టు మీద బంతి మొక్కలు వేసుకోండి, కంటికి బాగుంటుంది అని చెప్పినట్టుంది. సిగ్గుండాలి. నాకూ ఉండాలి, ఫీజు కడుతున్నది నేనే. పొద్దున బస్సుకు చెయ్యి ఊపుతున్నదీ నేనే.

ఫొటో 8:59కి వెళ్ళింది. మర్నాడు 4 మార్కులు వచ్చాయి. నానమ్మగారు ఆనందిస్తున్నట్టు కనిపించనందున ఒకటి కోత.

ఆ రాత్రి అందరం లేచిపోయాక ఆమె ఇంకో వక్క తీసి గడిని మొదటి నుంచి పేర్చింది. 'ఒక్క ఆట ఆడి పడుకో' అని వాణ్ణి కూర్చోబెట్టింది. వాడు పులులు, ఆమె మేకలు. తొమ్మిదో మేక పెట్టేసరికి ఒక పులి మూల చిక్కింది. రెండో పులిని ఎటు దూకించాలా అని ఆలోచిస్తూ ఆలోచిస్తూ వాడు బల్ల మీదే తల వాల్చేశాడు. ఎత్తుకుని పడుకోబెడుతుంటే చూశాను, బుగ్గ మీద చింతపిక్క అచ్చు. 'ఆపిన చోటు నుంచే రేపు ఆడతాం, ఎవరూ కదపకండి' అని మా అమ్మ వంటింట్లోంచి జల్లెడ తెచ్చి గడి మీద బోర్లించింది.

మంగళవారం వాడు వచ్చేసరికి 7:20, మర్నాడు సైన్సు పరీక్ష. బుధవారం ఇంగ్లీషు. ఆదివారం వారాంతపు పరీక్ష. జల్లెడ ఇంకా బల్ల మీదే ఉంది. పిండి జల్లించుకోవడానికి మా ఆవిడ పక్కింటివాళ్ళది అడిగి తెచ్చుకుంటోంది.