డైనోసార్ బొమ్మకు లక్షలిస్తారంట!

ఇంటర్ బ్యాచ్ గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, ఆఖరికి మా పిన్ని. అందరి దగ్గర్నుంచీ ఒకటే మెసేజి. కింద తోక కూడా ఒకటి: "నువ్వు ఆ బొమ్మలు పోగేస్తావు కదరా, నీకు పనికొస్తాది." పనికొచ్చేది కాదు పిన్నీ. ఇంకెవరూ నాకు పంపకుండా ఉంటారని ఇక్కడే జవాబు రాసేస్తున్నా.

మెసేజి సారాంశం ఇదీ: పాత డైనోసార్ బొమ్మ కడుపు కింద 1993 అని ఉంటే అమెరికాలో లక్షలు పలుకుతుంది. చేతికి జిడ్డుగా తగిలితే అసలైన రబ్బరు. వేడినీళ్లలో ఉడకబెడితే కొత్తదైపోతుంది. పాతకాలం ప్లాస్టిక్ స్వచ్ఛమైనది, పళ్లొచ్చే పిల్లలు కొరికినా ఏమీ కాదు. ఫొటోతో పాటు 999 రూపాయల రిజిస్ట్రేషన్ ఫీజు పంపండి. పాత బొమ్మల్ని భోగిమంటల్లో వెయ్యకండి.

ముందు 1993 సంగతి. బొమ్మ మీద అచ్చయ్యే సంవత్సరం కాపీరైట్ హక్కులది, ఆ బొమ్మ తయారైన రోజుది కాదు. తర్వాతి ఏళ్లలో పాత అచ్చుల్లోనే పోసి, రంగు మార్చి మళ్లీ అమ్మారు. 1993లో జురాసిక్ పార్క్ సినిమాతో పాటు కెన్నర్ అనే అమెరికా బొమ్మల కంపెనీ తెచ్చిన అసలు బొమ్మ అయితే తొడ మీద జేపీ (జురాసిక్ పార్క్) అని, పక్కన నంబరు ఉంటాయి. కొన్నిట్లో ఒంటి మీది తోలు ముక్క ఊడదీస్తే లోపల గాయం కనిపిస్తుంది. ఆ ముక్క పోయిందంటే ధర సగం పోయినట్టే. మీ అటక మీద ఉన్నది గంగ జాతరలో కొన్న బోలు డైనోసార్ కాదని మీకు గట్టి నమ్మకమేనా? ఆ రోజుల్లో అసలుది కావాలంటే మద్రాసు బర్మా బజార్‌కి పోవాలి, లేదంటే అమెరికా నుంచి మామయ్య తేవాలి. మనలో ఎంతమందికి ఆ మామయ్య ఉన్నాడు?

సరే, అసలుదే అనుకుందాం. పాత సామాన్లు అమ్ముకునే ఈబే వెబ్‌సైటులో లక్ష అని రాసి పెట్టినంత మాత్రాన లక్షకు పోయినట్టు కాదు. అమ్ముడుపోయినవి మాత్రం చూపించే ఫిల్టరు అక్కడే ఉంది, ఒకసారి నొక్కి చూడండి. మంచి ధర వచ్చేది అట్ట మీద సీలు విప్పని వాటికి. మనం సీలు విప్పకుండా దాచిన పిల్లలమా?

ఫీజు గురించి వేరే చెప్పాలా? కొనేవాడు డబ్బిస్తాడు, అడగడు. పాత నోట్లు, నాణేల పేరుతో ఇదే ఆట నడిచినప్పుడు, 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే జాగ్రత్తగా ఉండమంది. ఇప్పుడు నోటు పోయి డైనోసార్ వచ్చింది, అంతే తేడా.

వేడినీళ్లు వంకరపోయిన తోకను సరిచెయ్యడానికి పనికొస్తాయి. గర్జించే టీరెక్స్‌ని బ్యాటరీలతో సహా ఉడకబెడితే మాత్రం దానికదే ఆఖరి గర్జన.

ఇంక పిల్లలు కొరికే సంగతి. నాకు ఒళ్లు మండింది ఇక్కడే, ఎందుకంటే దీన్ని పంపిన వాళ్లలో ఇద్దరి ఇళ్లలో పళ్లొచ్చే బిడ్డలున్నారు.

అబ్బా, ఆ జిడ్డేంటో తెలుసా? ఈ బొమ్మలు చేసే పీవీసీ అనే ప్లాస్టిక్ పుట్టుకతో గట్టిది. మెత్తగా వంగాలని అందులో థాలేట్ల లాంటి నూనెలు కలుపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ అవి పైకి ఊరుతాయి. మీ చేతికి అంటేది అదే. దాన్ని "అసలైన రబ్బరు" అని మురిసిపోయి, ఆ వెంటనే బిడ్డ కొరికినా ఏమీ కాదంటున్నాడు! ఈ థాలేట్లను బొమ్మల్లో వాడొద్దని యూరప్‌లో 1999లోనే మొదట ఆపారు, 2005లో శాశ్వతం చేశారు. అమెరికా చట్టం 2008లో వచ్చింది. మన దగ్గర బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి అయింది 2021 జనవరి 1 నుంచి. అంటే మన చిన్నప్పటి బొమ్మ ఈ పరీక్షలన్నిటికంటే ముందు పుట్టింది. దాన్ని ఎవరు పరీక్షించి "స్వచ్ఛం" అన్నారు సామీ, ఫార్వర్డ్ చేసినాయనా?

రంగు సంగతి ఇంకా ఘోరం. పాత పసుపు, ఎరుపు, నారింజ రంగుల్లో సీసం, కాడ్మియం అనే విష లోహాలు వాడడం మామూలే. సీసానికి ఇంత వరకూ పరవాలేదు అనే హద్దు లేదు, పిల్లల మెదడుకు కొంచెమైనా చెరుపే. 2007లో బార్బీ బొమ్మలు చేసే మాటెల్ అంతటి కంపెనీయే రంగులో సీసం ఉందని లక్షల బొమ్మలు వెనక్కి తీసుకుంది. అలాంటిది పేరూ ఊరూ లేని జాతర డైనోసార్‌కి ఎవరు పూచీ? కెన్నర్ బొమ్మలో విషముందని నేననను, నా బీరువాలో వరసగా నిలబెట్టుకున్నా కదా. కానీ మా మేనకోడలు వస్తే ఆ బీరువాకి తాళమే. కొరకడానికి ఏదో ఒకటి కావాలంటే చల్లటి శుభ్రమైన తడిగుడ్డ ఇచ్చి కూర్చోబెట్టండి, మీరు పక్కనే ఉండండి. డైనోసార్ కంటే ఆకుపచ్చగా లేకపోవచ్చు, పోనీండి.

మొత్తం చదివి చించేద్దామనుకుంటే ఆఖరి వాక్యం దగ్గర చెయ్యి ఆగింది. భోగిమంటల్లో వెయ్యొద్దన్నాడు. అది మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం. ఈ చెత్త రాసినవాడు అనుకోకుండానో ఏమో, మన ఊళ్లో ప్రతి పండక్కీ చెప్పాల్సిన మాట చెప్పాడు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటు వాయువు వస్తుంది, డయాక్సిన్లనే విషాలూ వస్తాయి. తెల్లారుజామున ఆ మంట చుట్టూ నిలబడేది పిల్లలే. పాత చాపలు, రంగు వెయ్యని చెక్కలు వేసుకోండి. ప్లాస్టిక్ బొమ్మలు, టైర్లు వద్దు.

అటక మీద ఏదైనా దొరికితే ముందు బ్యాటరీ మూత తీసి చూడండి, తెల్లగా పొంగి ఉంటే ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. తొడ మీద జేపీ ఉంటే ఫొటో నాకు పంపండి, ఉచితంగానే చెప్తా. జేపీ లేకపోయినా పంపండి, చూసి నవ్వుకుంటా. పిన్నీ, నువ్వు మాత్రం మళ్లీ ఆ మెసేజి పంపొద్దు.