బ్రేకర్ పడలేదు కదా అని ఊరుకోకండి

పోయిన నెల మా మోటర్‌హోమ్ (ఇల్లులా వాడుకునే బండి) కరెంటు ప్లగ్గు మాడిపోయింది. ముందుగా నాకు తెలిసింది వాసన. ఎండు చేపలాంటి వాసన. తినే వస్తువు ఏదీ బయట లేదు. వాసన పట్టుకుని వెళ్తే, ఇలాంటి బండ్లు నిలిపే పార్కువాళ్ల కరెంటు పెట్టె దగ్గర తేలాను. ప్లగ్గు మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. మా ఆయన్ని పిలిచి చూపిస్తే, "బ్రేకర్ పడలేదుగా, ఏం కాదులే" అన్నారు.

ఈ మాట ఎవరి నోట విన్నా నాకు కడుపు మండిపోతుంది. బ్రేకర్ చూసేది ఎన్ని ఆంప్స్ పోతున్నాయో అంతే. ప్లగ్గు కాలిపోతోందన్న సంగతి దానికి తెలిసే దారే లేదు. మాలాంటి 120 వోల్టుల, 30 ఆంప్స్ కనెక్షన్ మీద 24 ఆంప్స్ వాడుతున్నాం అనుకోండి. గంటల తరబడి నడిపేటప్పుడు 80 శాతం దాటకూడదంటారు కాబట్టి మనం హద్దులోనే ఉన్నాం. ప్లగ్గు పిన్నును సాకెట్‌లో పట్టుకునే రేకు వదులై, అక్కడ 0.1 ఓమ్ రెసిస్టెన్స్ వచ్చిందనుకుందాం. పోయేది 2.4 వోల్టులు. ఏసీ మామూలుగానే తిరుగుతుంది, బ్రేకర్ కదలదు. కానీ ఆ చిన్న చోట దాదాపు 58 వాట్ల వేడి పుడుతుంది. సోల్డరింగ్ ఐరన్ ఒకటి ప్లగ్గులో పెట్టి రాత్రంతా ఆన్‌లో వదిలేసినట్టే! ఆ వేడికి రేకు ఇంకా వదులవుతుంది, పిన్ను మీద నల్ల పొర పేరుకుంటుంది, రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది. ఒకసారి మొదలైతే దానంతట అది తగ్గేది కాదు.

ఇంకొందరుంటారు, ప్లగ్గు కాలిందనగానే "లోడ్ ఎక్కువైంది" అని తేల్చేస్తారు. లోడ్ ఎక్కువైతే కేబుల్ మొత్తం ఒకేలా వెచ్చబడుతుంది. ఒక్క చోటే, అందులోనూ ఒక్క పిన్నే కాలుతోందంటే అది లూజ్ కాంటాక్ట్. నీలం ప్లగ్గుల 230 వోల్టుల కనెక్షన్ వాడేవాళ్లు మాత్రం ఇంకో సంగతి చూసుకోవాలి. మిగిలిన కేబుల్‌ను రీలుకు చుట్టి ఉంచి హీటర్ వేస్తే, చుట్ట మధ్యలో వేడి బయటికి పోలేక కేబుల్ తొడుగే కరుగుతుంది. పూర్తిగా విప్పి పరవండి.

నేను ఎలా చూశానో చెప్తాను. ముందు లోపల అన్నీ ఆపాను, తర్వాత బ్రేకర్ దించాను, ఆ తర్వాతే ప్లగ్గు పీకాను. లోడ్ నడుస్తుండగా పీకితే నిప్పురవ్వ లేచి పిన్ను మీద గుంటలు పడతాయి, రేపటి వేడికి అవే మూలం. పీకిన వెంటనే, చల్లారకముందే ఏ పిన్ను ఎక్కువ వేడిగా ఉందో చూడాలి. దూరం నుంచి కొలిచే థర్మామీటర్ ఉంటే మంచిదే కానీ, మెరిసే ఇత్తడి మీద అది తక్కువ చూపిస్తుంది. పిన్ను మొదట్లో ఉన్న ప్లాస్టిక్ మీద కొలవండి. మా ప్లగ్గులో కాలింది న్యూట్రల్ పిన్ను. కొస మీద నీలం, నలుపు కలిసిన మచ్చ, గోటికి తగిలే గరుకు. వెనక వైరు బిగించిన వైపు మాత్రం శుభ్రంగా ఉంది. నేరస్థుడు ఎవరో ఇక్కడే తెలుస్తుంది. కొస కమిలితే సాకెట్ రేకు వదులు. వెనక వైరు తొడుగు బిరుసెక్కి పెళుసైతే స్క్రూ వదులు.

వోల్టేజీ కూడా చూశాను. లోడ్ నడుస్తుండగా పెట్టెలోని పక్క సాకెట్‌లో 118 వోల్టులు, బండి లోపల 113. (పక్క సాకెట్ అదే ఫేజ్ మీద ఉంటేనే ఈ పోలిక పనికొస్తుంది.) మా 30 అడుగుల పది గేజ్ (వైరు మందం కొలత) కేబుల్ 24 ఆంప్స్‌కు ఒకటిన్నర వోల్టు దాకా తింటుంది, అది సహజం. మిగతా మూడున్నర వోల్టులు జాయింట్లలో పోతున్నాయి. అంటే 84 వాట్లు! బండి వైపు కూడా విప్పి చూస్తే, ఇన్‌లెట్ (బండికి కేబుల్ తగిలించే చోటు) వెనక ఒక స్క్రూ బిగించబోతే అర చుట్టు తిరిగింది. రోడ్డు కుదుపులకు ఇవి వదులవుతూనే ఉంటాయి, పార్కు కరెంటుకూ జనరేటర్‌కూ మధ్య మార్చే ట్రాన్స్‌ఫర్ స్విచ్ స్క్రూలు కూడా అంతే. కరెంటు పూర్తిగా తీసేసి చూడండి. చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, ఇందులో మొహమాటం వద్దు. 50 ఆంప్స్ కనెక్షన్ ఉన్నవాళ్లకు ఇంకా ముఖ్యం. అందులో 120 వోల్టుల లైన్లు రెండుంటాయి, న్యూట్రల్ మాత్రం ఒకటే. అది ఊడితే ఒక వైపు వోల్టేజీ పడిపోయి రెండో వైపు ఎగబాకుతుంది, సామాన్లు కాలిపోతాయి.

గరుకు కాగితంతో రుద్ది గ్రీజు పూసి మళ్లీ వాడేయమని సలహా ఇచ్చేవాళ్లకు దణ్ణం పెడతాను. రుద్దితే పై పూత పోతుంది, వేడికి పట్టు చచ్చిన సాకెట్ రేకుకు గ్రీజు ప్రాణం పోయదు. ప్లగ్గు మార్చి పాత సాకెట్‌లోనే గుచ్చడం ఇంకా ఘోరం. చెడ్డ సాకెట్ కొత్త ప్లగ్గును పాడుచేస్తుంది, ఆ ప్లగ్గు తర్వాతి ఊళ్లో మంచి సాకెట్‌ను పాడుచేస్తుంది. మార్చితే రెండూ మార్చాలి.

మా ప్లగ్గు నేను మార్చుకున్నాను. సాకెట్ పార్కువాళ్లది. ఆఫీసులో చెప్తే, "ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదే, మీ లోడే ఎక్కువై ఉంటుంది" అన్నారు. కాలిన పిన్ను బల్ల మీద పెట్టినా చూడలేదు. మేం వేరే చోటికి మారిపోయాం. మర్నాటి సాయంత్రానికి మేం వదిలిన చోట ఒక పెద్దాయన, ఇద్దరు మనవలతో వచ్చి, అదే సాకెట్‌కు ప్లగ్గు పెట్టేసి ఏసీ వేసుకున్నారు. నేను పరుగున వెళ్లి, "ఒక్కసారి ప్లగ్గు ముట్టుకుని చూడండి" అన్నాను. ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నారు. బ్రేకర్ దించి ప్లగ్గు పీకి చూస్తే, న్యూట్రల్ పిన్ను కొస మీద సన్నటి గోధుమరంగు గీత అప్పుడే మొదలైంది.