ఆవిష్కరణ సభలు చాలు, అరలో చోటు కావాలి

బెంగళూరులో తెలుగు పుస్తకానికి వేదిక దొరుకుతోంది, శాలువా దొరుకుతోంది, షాపులో అర మాత్రం దొరకడం లేదు. 2011 జనగణన ప్రకారం ఈ నగరంలో దాదాపు 14 శాతం మంది మాతృభాష తెలుగు. అయినా చర్చ్ స్ట్రీట్‌లో పుస్తకాల కోసం తిరిగే తెలుగువాడు ఇంగ్లీషు పుస్తకంతోనే ఇంటికి వెళ్తాడు.

ఆవిష్కరణ అమ్మకాలు ఆ సాయంత్రంతో సరి. రచయిత వెళ్తూ వెళ్తూ ఐదు కాపీలు కౌంటర్లో ఇస్తారు. చలానా ఉండదు, మళ్లీ వచ్చి లెక్క అడిగేవారు ఉండరు. ఏడాది తిరిగేసరికి అవి అట్టపెట్టెలోకి చేరతాయి.

అసలు గండి బిల్లింగ్ దగ్గర పడుతోంది. రచయితలు సొంతంగా అచ్చువేసుకున్న చాలా తెలుగు పుస్తకాలకు ఐఎస్‌బీఎన్, అంటే ఒక్కో పుస్తకానికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఉండదు. బార్‌కోడ్ లేని పుస్తకం కౌంటర్‌కి వస్తే అక్కడి కుర్రాడు 'ఇతరాలు' కింద ధర కొట్టి బిల్లు ఇచ్చేస్తాడు. ఆరు నెలలకు యజమాని రిపోర్టు తీస్తే తెలుగు పేరిట సున్నా కనిపిస్తుంది. అమ్ముడైన పుస్తకమే అమ్ముడవలేదని తేలి, అర కాస్తా ఎత్తేస్తారు. దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఐఎస్‌బీఎన్‌ని ఉచితంగా ఇస్తుంది. ఆ 13 అంకెల బార్‌కోడ్‌ని వెనక అట్ట మీద వేయించాలి. పాత స్టాకుకు షాపే సొంత స్టిక్కర్ అంటించుకోవచ్చు. కానీ ఏ పుస్తకం కోడ్ దానికే ఉండాలి. అన్నిటికీ ఒకటే పెడితే కథ మళ్లీ మొదటికే.

అర అంటే గది కాదు. 40 పుస్తకాలు, ఒక్కోటి 3 కాపీలు, మొత్తం 120. సుమారు 200 పేజీల పుస్తకం సెంటీమీటరుకు కాస్త ఎక్కువ మందం ఉంటుంది కాబట్టి, మూడడుగుల రాక్‌లో రెండు వరుసలు సరిపోతాయి. సగటున 200 రూపాయల ధర వేసుకున్నా సరుకు 24,000 రూపాయలది. పుస్తకాలు రప్పించడం భారమంటారా? 2025 మేలో తపాలా శాఖ పుస్తకాలు పంపడానికి తెచ్చిన జ్ఞాన్ పోస్ట్‌లో 5 కిలోల పొట్లానికి 100 రూపాయలే, పన్నులు అదనం. పాతిక గ్రాములు అటూ ఇటూగా పావుకిలో తూగే పుస్తకాలు ఒక పొట్లంలో 18 పడతాయి.

సిబ్బందికి తెలుగు రాదు కాబట్టి సిఫారసు చీటీయే నోరు విప్పాలి. 'అద్భుతం, తప్పక చదవండి' అన్న చీటీ దండగ. ఎవరికి, ఎన్ని పేజీలు, ఏ యాస అన్నవే కావాలి. నామిని 'పచ్చనాకు సాక్షిగా' పక్కన 'చిత్తూరు పల్లె మాట, పైకి చదివితే రుచి' అని ఉంటే మదనపల్లె నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆగి తీరతాడు. వెనక అట్ట మీద పుస్తకం పేరు కన్నడ లిపిలో కూడా అంటిస్తే, తీసి చూసిన కాపీ మళ్లీ సరైన చోటికి చేరుతుంది.

అన్నీ ఆన్‌లైన్లో దొరుకుతుంటే ఇంత అద్దెల ఊళ్లో తెలుగుకు జాగా ఎందుకని అడుగుతారు. అద్దె మాట నిజమే. అయితే ఆన్‌లైన్ పేరు తెలిసిన పుస్తకాన్ని తెచ్చిపెడుతుంది. పేరే తెలియని పుస్తకం కంటపడాలంటే ఈ రెండు వరుసలే దిక్కు.

ఆ రాక్ కన్నడ అర పక్కనే ఉండాలి. ఇది నా పట్టుదల. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడ చదివే పిల్లలు ఈ నగరంలో ఇంటింటా ఉన్నారు. వాళ్లకు తెలుగు చదవడం రాదని పెద్దలు చేతులెత్తేస్తున్నారు. తప్పు! రెండు లిపులూ ఒకే తెలుగు-కన్నడ లిపి నుంచి చీలినవి. ర, య, వ, స లాంటివి చూడగానే పోల్చుకుంటారు. తలకట్టు కన్నడలో అడ్డగీతలా, తెలుగులో టిక్కులా ఉంటుందని చెబితే సగం పని అయిపోతుంది. క, త దగ్గర కాసేపు తడబడతారు. అసలు చిక్కు 'సూర్య' లాంటి మాటల్లో వస్తుంది. మనం ర కింద య వత్తు ఇస్తాం, కన్నడలో య రాసి పక్కన ర్‌కు గుర్తుగా అర్కావొత్తు పెడతారు. అది మన పాత అచ్చులోని వలపలగిలకే. ఈ తేడాలన్నీ ఒక్క కాగితం మీద రాసి అర అంచున అతికించవచ్చు. దాని కింద కన్నడ రచయిత వసుధేంద్ర నవల 'తేజో తుంగభద్ర' కన్నడ ప్రతి, తెలుగు అనువాదం పక్కపక్కనే పెట్టాలి. కన్నడలో అది చదివేసిన హైస్కూలు పిల్ల తెలుగు ప్రతి తెరిస్తే, తెలియని అక్షరం దగ్గర తెలిసిన కథే దారి చూపిస్తుంది.