రిక్వెస్ట్ రాశారంటే ఆ చోటు పోయినట్టే

"కుబర్నెటిస్ క్లస్టర్‌లో టీముల మధ్య గొడవలు రాకుండా ఐదు సూత్రాలు." ఈ వారంలో ఇదే మెసేజ్ నాకు నలుగురు పంపారు. నలుగురూ క్లస్టర్లు, అంటే చాలా కంప్యూటర్లను కలిపి కుబర్నెటిస్ అనే సాఫ్ట్‌వేర్‌తో ప్రోగ్రాములు నడిపే ఏర్పాట్లు, చూసుకునేవాళ్లే. అదే నాకు ఎక్కువ బాధ.

మొదటి సూత్రం: టీముకో నేమ్‌స్పేస్ (క్లస్టర్‌లో ఆ టీముకి విడిగా కేటాయించిన విభాగం), అందరికీ సమానమైన కోటా. కోటా అనేది పైహద్దు మాత్రమే, మీ పేరున ఎవరూ ఏదీ దాచిపెట్టరు. కోటాలన్నీ కలిపితే క్లస్టర్‌నే మించిపోయినా సిస్టమ్ వద్దనదు. ముందొచ్చినవాళ్లు ఎక్కేస్తారు. తర్వాతి వాళ్లు కోటా మిగిలి ఉండగానే పెండింగ్‌లో పడి ఉంటారు.

అసలు హాని రెండోదాంట్లో ఉంది: "రిక్వెస్టులు ధారాళంగా పెట్టుకోండి, మీరు వాడనిది పక్కవాళ్లు వాడుకుంటారు." రిక్వెస్ట్ అంటే మన ప్రోగ్రాముకి ఇంత సీపీయూ, ఇంత మెమరీ కావాలని ముందే రాసుకునేది. మరి పక్కవాళ్లు ఎలా వాడుకుంటారు? పాడ్‌లకి (క్లస్టర్‌లో నడిచే ప్రోగ్రాములకి) 15 సీపీయూ కోర్లు ఇవ్వగల నోడ్, అంటే క్లస్టర్‌లోని ఒక కంప్యూటర్, తీసుకోండి. ఐదు పాడ్‌లు తలా 3 కోర్లు రాసుకున్నాయి, నిజంగా వాడేది తలా అర కోరు. గ్రాఫ్‌లో వాడకం రెండున్నర కోర్లే. ఇప్పుడు ఒక్క కోరు కావాలని ఇంకో పాడ్ వస్తే "ఇన్సఫిషియెంట్ సీపీయూ" (సీపీయూ చాలదు) అని బయటే ఆగిపోతుంది. ఏ పాడ్ ఏ నోడ్‌లోకి వెళ్లాలో తేల్చే షెడ్యూలర్ గ్రాఫ్ చూడదు, రిక్వెస్టుల కూడిక చూస్తుంది. చోటు చాలనప్పుడు నోడ్‌లు పెంచే ఆటోస్కేలర్ ఉంటే ఇంకో నోడ్ తెస్తుంది, ఖాళీ పక్కన ఇంకో ఖాళీకి బిల్లు కడతాం. ఆ మిగులు కోర్లు దక్కేది అప్పటికే లోపల ఉన్న పాడ్‌లకే, అదీ వాటి లిమిట్ (పాడ్ వాడుకోగల గరిష్ఠం) దాటనంతవరకే. మా దగ్గర ఒక టీము ప్రతి పాడ్‌కీ 4 కోర్లు రాసింది. ఎందుకని అడిగితే, పాత ఫైల్‌లోంచి కాపీ చేశామన్నారు. ఆ నాలుగు కోర్ల కోసం పక్క టీము వాళ్లు రాత్రంతా టెన్షన్‌తో కూర్చున్నారు.

మూడోది, మెమరీ కూడా సీపీయూ లాంటిదేనట. కాదు. సీపీయూ తగ్గితే పని నెమ్మదిస్తుంది. మెమరీ లిమిట్ దాటితే కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో అసలు భాగం) ఆ ప్రోగ్రాముని చంపేస్తుంది, అది 137 ఎగ్జిట్ కోడ్‌తో పోతుంది.

నాలుగోది, అందరికీ హై ప్రయారిటీ. అందరూ ముందుంటే వెనక ఎవరు? వదిలేయండి.

ఐదోది "సీపీయూ లిమిట్లు తీసేయండి." దీన్ని కూడా కొట్టిపారేద్దామనే మొదలుపెట్టాను గానీ, వెంటనే జవాబివ్వాల్సిన సర్వీసుల విషయంలో ఇది సరైన మాటే. అర కోరు లిమిట్ అంటే మామూలుగా ప్రతి 100 మిల్లీసెకన్లలో 50 మిల్లీసెకన్ల సీపీయూ సమయం. నాలుగు థ్రెడ్లు (ప్రోగ్రాములో పక్కపక్కనే నడిచే పనులు) ఒకేసారి పరుగెడితే పన్నెండున్నర మిల్లీసెకన్లలో అది అయిపోతుంది, మిగతాసేపు నోడ్ ఖాళీగా ఉన్నా ఆగాల్సిందే. లిమిట్ తీసేస్తే ఆ బాధ లేదు. కానీ అప్పుడు రద్దీ వేళ ఎవరికెంత సీపీయూ అన్నది కెర్నెల్ రిక్వెస్టులను బట్టే తేలుస్తుంది. అర కోరు చాలినవాళ్లు 4 అని రాసుంటే, నిజాయితీగా రాసిన టీము వాటాకే గండి. అందుకే, ఆ రెండో సూత్రం కొట్టేశాకే ఈ ఐదోది ఫార్వర్డ్ చేయండి.